పట్నం గోడ మీద అమ్మ బొటనవేలు

మొన్న కోరుట్లలో రేషన్ దుకాణం ముందు అమ్మతో పాటు వరుసలో నిలబడ్డాను. డీలరు అమ్మ బొటనవేలును చిన్న మిషన్ మీద పెట్టించాడు, తుడిపించాడు, మళ్ళీ పెట్టించాడు. ఎర్ర లైటు వెలగడమే తప్ప పచ్చ లైటు రాలేదు. "ఇయ్యాల గూడ పడతలేదు అవ్వా," అన్నాడు పాపం, తప్పంతా తనదే అయినట్టు. ఒకప్పుడైతే ఆ మాటకు అమ్మ ముఖం చిన్నబుచ్చుకుని చెయ్యి కొంగులో దాచుకునేది. మొన్న మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని, వరుసలో అందరికీ వినపడేట్టు, "నా ముద్ర పట్నంల ఉన్నది. కావాల్నంటే పోయి సూసుకో," అంది. ఈమెకేమన్నా అయిందా అన్నట్టు డీలరు నా వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

అమ్మ పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. కోరుట్లకు కోడలిగా వచ్చినప్పటి నుంచి బీడీలు చేస్తోంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. నా చిన్నప్పటి జ్ఞాపకాలు ఏవి తీసినా వాటికి ఆ తంబాకు ఘాటు అంటుకునే ఉంటుంది. పెళ్ళికి పోయినా చావుకు పోయినా అమ్మ వెంట చాట ఉండాల్సిందే. మా చిన్నమ్మ అప్పగింతలప్పుడు అమ్మ కళ్ళతో ఏడుస్తూ చేతులతో బీడీలు చుట్టిందని చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. తడి ఆకులో తంబాకు పెట్టి చుట్టాక, మూతిని బొటనవేలితో లోపలికి నొక్కి మడవాలి. పొద్దంతా అదే నొక్కుడు. ఆకు మీద అరిగీ అరిగీ ఆమె వేలి గీతలన్నీ పోయాయి. చింతగింజలా నున్నగా అయింది ఆ వేలు. వేలి గీతలతో మనిషికి ఇంత పని పడుతుందని అప్పుడెవరికి తెలుసు? మిషన్లు వచ్చాక తెలిసింది. చివరికి వేలికి బదులు మిషన్‌కు కన్ను చూపించి బియ్యం తెచ్చుకునేది కానీ, ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, "నేను నేనే అని మిషిన్ ఒప్పుకుంటలేదు బిడ్డా," అనేది. నవ్వుతూనే అనేది.

పట్నంలో చదువుకుంటున్న నా బిడ్డ ఒకసారి ఫోన్ మీద ఫోన్ చేసింది. అక్కడ మ్యూజియంలో ఆదివారం కుటుంబాల కోసం ఏదో కార్యక్రమమట, టికెట్ లేదట, అమ్మమ్మను తీసుకుని రావాల్సిందేనట. నేను జగిత్యాలలో పిల్లలకు చరిత్ర చెప్పే టీచర్ని. విహారయాత్రల్లో గేటు దగ్గర తలలు లెక్కపెట్టుకోవడమే తప్ప ఏ మ్యూజియాన్నీ తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. అమ్మకేమో మొదటి నుంచీ అనుమానమే. "ఫిరీ అంటే నమ్మకు. లోపలికి పోయినంక ఏదో ఒకటి అంటగడ్తరు," అంది. అయినా మనవరాలి మీద ప్రేమ కొద్దీ పులిహోర డబ్బాతో బయల్దేరింది. చాటను మాత్రం బతిమాలి ఇంట్లో పెట్టించాను. బస్సు సిరిసిల్ల మీదుగా పోయింది. ఊళ్ళోకి రాగానే కిటికీకి చెవి పెట్టి, ఎక్కడో మగ్గాల చప్పుడు వినపడ్డాక గానీ అమ్మ వెనక్కి వాలలేదు.

మ్యూజియం గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు విడిచేసింది. "అమ్మమ్మా, ఇది గుడి కాదే," అంది నా బిడ్డ. "గింత సల్లగ, గింత సప్పుడు లేకుంట ఉన్నంక గుడి గాకపోతె ఏంది?" అని చెప్పులు చేత పట్టుకుని నడిచింది. నిలువెత్తు రాతి దేవతలు, పిడికి రత్నాలు పొదిగిన కత్తులు, దంతపు కుర్చీలు. అన్నిటికీ మర్యాదగా తల ఊపుతూ పోతోంది, గొప్పోళ్ళ పెళ్ళిలో తెలియని బంధువులను దాటుకుంటూ పోయినట్టు.

ఆ గొప్పవన్నీ అయిపోయాక ఒక మూల గదిలో, గాజు పెట్టెలో, అరచేయంత కుండపెంకు ఒకటుంది. గోదావరి ఒడ్డున తవ్వకాల్లో దొరికిందనీ, రెండు వేల ఏండ్ల నాటిదనీ కింద రాసి ఉంది. నేను చదివి ముందుకు పోయాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కదల్లేదు. చదువు రాని అమ్మ గాజుకు ముక్కు ఆనించి చూస్తోంది.

"గీడ ఎవలో ఏలు పెట్టిండ్రు," అంది.

అప్పుడు కనపడింది నాకు. పెంకు అంచు కింద చిన్న గుంట. "పచ్చి కుండను ఎత్తి పక్కకు పెట్టేటప్పుడు పడ్డది. సిన్న బొటనేలు, ఆడిమనిషిది. ఎడమ చెయ్యి," అని అమ్మ తన బొటనవేలిని గాజు మీద ఆనించి, అటు తిప్పి ఇటు తిప్పి చూపించింది. ఆ రోజు కార్యక్రమం నడిపిస్తున్న మ్యూజియం అమ్మాయి మా వెనకే నిలబడి వింటోంది. "ఈ గుంటను నేను రోజూ చూస్తానమ్మా. చెయ్యిని మాత్రం ఇవాళే చూశాను," అంది. అది ఎంత పాతదో ఆమె చెప్పగానే అమ్మ గొంతు మారిపోయింది. "రెండు వేల ఏండ్ల కింద నొక్కితె గిప్పటిదాంక ఉన్నదా?" అంది మెల్లగా. ఇన్నేళ్ళుగా ఎందరో రాజుల పాఠాలు చెప్పాను. వాళ్ళలో ఒక్కరూ ఏనాడూ నాకు ఇంత దగ్గరగా వచ్చి నిలబడలేదు. అమ్మ ఆ పెంకుకు రెండు చేతులూ జోడించింది. అంత పెద్ద రాతి దేవతలకు కూడా పెట్టని దండం అది.

బయట వరండాలో చాపలు పరిచి, పిల్లలకూ పెద్దలకూ బంకమట్టి పంచుతున్నారు. ఇంటికొక మట్టి పలక. ఇంటిల్లిపాదీ దాని మీద వేలిముద్రలు నొక్కితే, వాళ్ళు కాల్చి వెనక ప్రాంగణం గోడకు అమరుస్తారట. నా బిడ్డ నొక్కింది, నేను నొక్కాను. అమ్మ చేతులు అప్పటికే కొంగులోకి పోయాయి.

"నాది పడది బిడ్డా. మిషిన్ మీదనే పడతలేదు, మట్టి మీద ఏం పడ్తది? గింతమంది ముంగట ఎందుకు?"

మ్యూజియం అమ్మాయికి అర్థం కాలేదు. బీడీల సంగతి, మిషన్ సంగతి నేను చెప్పాను. ఆమె అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలిని చాలాసేపు చూసి, "మట్టికి గీతలు అక్కర్లేదమ్మా. నొక్కితే చాలు," అంది. అమ్మ ఒకసారి లోపలి మూల గది వైపు చూసింది. రేషన్ దుకాణంలో అలవాటైనట్టే వేలును కొంగుకు గట్టిగా తుడిచింది. నొక్కింది. అమ్మ వేలు తీయడానికి భయపడి, అట్లాగే కాసేపు ఉంచి, తీసింది.

గీతలు లేవు. కానీ గుంట ఉంది, మా ఇద్దరి ముద్రల కన్నా లోతుగా, వెడల్పుగా. దానికి అడ్డంగా ఎప్పుడో కత్తెర కోసిన మచ్చ. పైన అరిగిన గోటి అంచు. పక్కన నాదీ నా బిడ్డదీ ఎవరివైనా కావచ్చు. అది మాత్రం అమ్మదే.

"పడ్డది," అంది అమ్మ. మళ్ళీ నా వైపు తిరిగి, "పడ్డది బిడ్డా!" అంది. అందరిలో ఏడుస్తానేమోనని నేను పులిహోర డబ్బా మూత తీసే పని పెట్టుకున్నాను.

మ్యూజియం అమ్మాయి సన్నటి పుల్ల తీసుకుని, "పేరు చెప్పండమ్మా, కింద రాద్దాం," అంది. "లోపలామె పేరు రాసిండ్రా?" అని అడిగింది అమ్మ. ఏ లోపలామెనో తెలియడానికి ఆ అమ్మాయికి కొంచెం టైము పట్టింది. "ఆమె పేరు ఎవరికీ తెలియదమ్మా," అంది. "గట్లయితే నాది గూడ వద్దు," అంది అమ్మ. ఆ అమ్మాయి పుల్ల పక్కన పెట్టి, మాతో పాటు కూర్చుని పులిహోర తిన్నది. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక, "ఏమన్న అంటగట్టిండ్రానే?" అని అడిగాను. "అంటగట్టుడేంది, నా ఏలే తీసుకున్నరు," అని అమ్మ సిరిసిల్ల దాకా నవ్వుతూనే ఉంది.

పోయిన నెల పట్నంలో పని పడితే ఒక్కదాన్నే వెళ్ళి ఆ గోడ చూశాను. వందల వేళ్ళున్నాయి దాని మీద. అమ్మది వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. ఎవరూ చూడకుండా నా బొటనవేలిని ఆ గుంటలో పెట్టాను. వదులుగా కూర్చుంది. ఎర్రగా కాలిన మట్టి, ఎండకు వెచ్చగా ఉంది. అమ్మ వేలి మీది గీతలు చెరపడానికి కాలానికి ఒక్క మనిషి బతుకు కూడా పూర్తిగా పట్టలేదు. ఈ గుంటను చెరపడానికి ఎన్ని బతుకులు పడతాయో, అది చూడడానికి మా ముగ్గురిలో ఎవరమూ ఉండం.