దిష్టిచుక్కగా పెట్టిన థర్మామీటరు

పోయిన నెల కడపలో, ఒక హోటలు మేడమీది హాల్లో, ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకు శిక్షణ పెట్టారు, నేనూ పోయాను. ఈ వయసులో నాకు కొత్తగా ఎక్కేది పెద్దగా ఏమీ లేదు గానీ, మా ల్యాబుకు అక్రెడిటేషన్ నిలవాలంటే ఏటా ఏదో ఒక శిక్షణకు మా వాళ్ళు పోయినట్టు కాయితం చూపించాలి కాబట్టి, పోయి వెనక వరసలో ఫ్యాను కింద కూర్చున్నాను. భోజనాలయ్యాక అందరి కళ్ళూ మూతలు పడుతుంటే పాఠం చెప్పే కుర్రాయన నిద్ర వదిలించడానికి ఒక కథ ఎత్తుకున్నాడు. ఎప్పుడో కర్నూల్లో ఒక ల్యాబుండేదట, అందులో ఒక పెద్దమనిషి ఓవెనులో పెట్టే థర్మామీటరును సరిచూడ్డానికి పంపడం మరిచిపోయి, గడువు తీరినదానితోనే నెలల తరబడి రిపోర్టులిచ్చి, ల్యాబు తలుపులు మూసేదాకా తెచ్చాడట. ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే ఆయనను మాత్రం పిలవకండి అని ముక్తాయించాడు. హాలంతా నవ్వింది.

ఆ పెద్దమనిషి మా బావ, మా అక్క భర్త. ఆయన ఏదీ మరిచిపోలేదు. ఆ సంగతి తెలిసినవాడిని ఆ హాల్లో నేనొక్కడినే, అయినా నోరు తెరవలేదు. తెరవకపోవడం నాకు అదే మొదటిసారి కూడా కాదు.

మా చిన్నాన్న కర్నూల్లో మండీల వీధిలో ఒక బియ్యం అంగడి మేడమీద ఆ ల్యాబు పెట్టినప్పుడు నేను డిగ్రీ అయిపోయి ఊరికే తిరుగుతుండేవాణ్ణి. శెనక్కాయలు, మా పక్క బుడ్డలంటారు, ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి శాంపిళ్ళుగా చిన్న సంచుల్లో వచ్చేవి. వాటిలో తేమెంత ఉందో చెప్పడం మా పని. పప్పును తూకం వేసి, ఓవెనులో పెట్టి ఎండించి, మళ్ళీ తూకం వేస్తే తగ్గినదంతా నీళ్ళ బరువే. తేమ ఎక్కువైతే గోతాముల్లో బూజు పడుతుంది, కొన్నవాడు మునుగుతాడు. ఆ ఓవెను, దాని పక్కనున్న త్రాసు మా బావ చేతికింద ఉండేవి. ఆయన వేంపల్లె మనిషి, కెమిస్ట్రీ చదివినవాడు. రిపోర్టు మీద ఆయన పెట్టే సంతకం కింద ఒక పొడుగాటి గీత ఉండేది. సరుకు బయటికి పంపే మండీవాళ్ళలో సగంమందికి అంకెలు చదవడం కన్నా ఆ గీత కోసం చూడడం అలవాటు. వేంపల్లాయన చూసినాడా అని అడిగి, చూశాడంటే కాయితం మడిచి జేబులో పెట్టుకుని పోయేవాళ్ళు.

ల్యాబంటే ఇప్పటివాళ్ళు ఊహించుకునేట్టు ఏమీ ఉండేది కాదు. చలికాలం పొద్దున్నే మా చిన్నమ్మ పంపిన జొన్నరొట్టెలను చిన్నాన్న ఆ ఓవెనులోనే వెచ్చబెట్టుకునేవాడు. బావ కసురుకునేవాడు, ఆపైన తానూ ఒక ముక్క తుంచుకునేవాడు. త్రాసు బల్ల మీద టీ గ్లాసుల గుండ్రని మరకలుండేవి. మా రోజులు అట్లా బాగానే గడిచాయి.

తర్వాత మద్రాసు, బొంబాయి కొనుగోలుదార్ల మాట మారింది. మీ మనిషి మంచివాడే కావచ్చు, మీ రిపోర్టుకు అక్రెడిటేషన్ గుర్తు లేకపోతే మేము ఇక్కడ మళ్ళీ పరీక్ష చేయిస్తాం అన్నారు. లారీలు అక్కడ నిలబడిపోయేవి, మండీవాళ్ళకు రెండుసార్లు ఖర్చయ్యేది. ఒక్కొక్కరే మమ్మల్ని వదిలిపెట్టి హైదరాబాదుకు శాంపిళ్ళు పంపడం మొదలుపెట్టారు.

లైసెన్సు వేరు, ఇది వేరు. అంగడి తెరుచుకోవచ్చునని సర్కారు చెప్పేది లైసెన్సు. అక్రెడిటేషన్ అంటే ఆ పని తెలిసిన బయటివాళ్ళు వచ్చి, మన పక్కన నిలబడి, మన త్రాసును, ఓవెనును, మనుషులను చూసి, వీళ్ళు చేస్తామన్నది చేయగలరని సాక్ష్యం పలకడం. ఆ సాక్ష్యం ఉంటే కర్నూలు కాయితం బొంబాయిలో కూడా చెల్లుతుంది. ఒకసారి ఇచ్చి మరిచిపోయేది కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చి చూస్తారు. ఎవరు సంతకం పెట్టవచ్చో ఆ పేరు కూడా ఆ బయటివాళ్ళే ఒప్పుకోవాలి. చేసేది రాయి, రాసింది చెయ్యి, రాయనిది జరగనట్టే, ఇదీ అందులో మొదటి పాఠం. అది మమ్మల్ని నిజంగానే బాగుచేసిందని చెప్పకపోతే తప్పు. సీసాలకు పేర్లు వచ్చాయి, టీ గ్లాసులు కిందికి పోయాయి, రొట్టెలు చల్లగానే తినవలసి వచ్చింది. అందరికన్నా సంబరపడి పనిచేసింది బావే. కొలిచే సాధనాలన్నీ ఆయనే బెంగుళూరుకు పంపి సరిచూపించి తెప్పించాడు. థర్మామీటరు కూడా కొత్త గడువు చీటీ అంటించుకుని సకాలంలోనే వచ్చింది. తనిఖీదాకా వాడింది దాన్నే.

అయితే ల్యాబులవాళ్ళ మధ్య అప్పట్లో ఒక ఆచారముండేది. చూసేదానికి వచ్చినవాళ్ళకు ఏదో ఒక తప్పు దొరకాలి, ఏమీ దొరక్కపోతే అనుమానపడి మూలమూలా తవ్వుతారు, అందుకని చిన్న తప్పొకటి మనమే కనబడేట్టు పెట్టాలి అనేవాళ్ళు. చంటిబిడ్డ బుగ్గన పెట్టే చుక్కలాంటిది కాబట్టి దాన్ని దిష్టిచుక్క అనేవాళ్ళు. పేరు లేని సీసా ఒకటి పెట్టినా సరిపోయేది. చిన్నాన్న మాత్రం ఓవెను థర్మామీటరు అన్నాడు. పాతదొకటి, గడువు తీరిన చీటీతో, అటకమీద ఉంది. కొత్తదాన్ని తీసి దాచి ఆ పాతదాన్ని ఓవెనుకు పెట్టమని నాకు చెప్పాడు. చిన్న తప్పుగా రాసుకుంటారు, వారంలో దిద్దినట్టు చూపిస్తాం, అయిపోతుంది అన్నాడు. బావకు మొదట మనసొప్పలేదు. చిన్నాన్న బతిమాలాడు. అప్పుచేసి తెచ్చిన పరికరాలు, మేమందరం తినే కూడు, అన్నీ దానిమీదే ఉన్నాయి. చివరకు బావ నవ్వి, అందంగా ఉండేవాని మొగానికే గదప్పా చుక్క పెట్టేది, పెట్టండి అన్నాడు. థర్మామీటరు మార్చింది నా చేతులే.

తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒకాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. థర్మామీటరు చీటీ చూశాడు, మేమనుకున్నట్టే రాసుకున్నాడు. అక్కడితో ఆగకుండా, ఈ గడువు తీరినప్పటినుంచి దీనితో ఇచ్చిన రిపోర్టుల సంగతేమిటి అని అడిగాడు. నేను అనుకోని ప్రశ్న అది. దానితో ఒక్క రిపోర్టు కూడా ఇవ్వలేదన్నదే నిజం. ఆ నిజం చెప్పాలంటే, మిమ్మల్ని మభ్యపెట్టడానికి కావాలనే పెట్టామని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ల్యాబు ఆ పూటతో సరి. చిన్నాన్న బావ వైపు చూశాడు. బావ తల దించుకుని, నేను మరిచిపోయినా సార్ అన్నాడు.

చిన్న తప్పు పెద్ద తప్పయింది. ఆ నెలల రిపోర్టులన్నీ అనుమానమని మండీలకు ఉత్తరాలు రాయించారు. తప్పుకు మూలమేమిటో రాయమంటే మనిషి అజాగ్రత్త అని రాశాం, బావకు సంతకం హక్కు తీసేశాం. చిన్నాన్న ఆ రాత్రి అక్కవాళ్ళింటికి వచ్చి, సంతకం యాడికి పోతాది అల్లుడా, కాయితం చేతికి రానీ, మళ్ళా నీదే అన్నాడు. నేను పక్కనే ఉండి అక్కకు ధైర్యం చెప్పాను. కొత్త థర్మామీటరును, ముందే ఒకసారి సరిచూపించిన తేదీ బయటపడకూడదని, మళ్ళీ బెంగుళూరుకు పంపి కొత్త తేదీతో తెప్పించాం. మొదటిసారి సరిచూసి ఇచ్చిన పత్రాన్ని చించేయమని చిన్నాన్న నా చేతికిచ్చాడు, చించాను.

అక్రెడిటేషన్ వచ్చింది. మైసూరుపాకు పంచారు. మండీలు తిరిగి వచ్చాయి. బావ మాత్రం శాంపిళ్ళు దంచే బల్ల దగ్గరే ఉండిపోయాడు, సంతకాలకు నా పేరు రాసి పంపారు. ఉత్తరాలందిన మండీవాళ్ళు ఆయన వీధిలో కనబడితే, ఏమప్పా, ఎండెంతుండాదో చూసి చెప్పు, నీ దగ్గర థర్మామీటరు ఉండాది గదా అని ఎగతాళి చేసేవాళ్ళు. ఒకనాడు ఆదోని మండీ యజమాని ఒకాయన మేడెక్కి వచ్చి, అందరి ముందే ఆ మాట ఎత్తి నవ్వాడు. తనిఖీకి కొన్నాళ్ళ ముందు, తేమున్న సరుకుకు తేమ తగ్గించి రాయమంటే బావ కుదరదన్నది ఈయనకే. బావ చిన్నాన్న వైపు తిరిగాడు.

"మామా, ఇంక చెప్పచ్చు గదా. కావాలనే పెట్టినామని."

"ఏం పెట్టినాం? మరిచింది నువ్వు. కావాలంటే వీన్ని అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను త్రాసు వైపు చూస్తూ, "నాకు తెలీదు బావా," అన్నాను.

ఆ మాట బయటికొచ్చేదాకా అంటానని నాకే తెలియదు. బావ కోటు విప్పి కొక్కేనికి తగిలించి మెట్లు దిగాడు. ఆ నెలలోనే అక్కను, పిల్లలను తీసుకుని వేంపల్లె పోయి విత్తనాల అంగడి పెట్టుకున్నాడు. తర్వాత ఆ మండీ యజమాని సరుకుకు తేమ తగ్గించి సంతకం పెట్టమని చిన్నాన్న నాకు మెల్లగా చెప్పిననాడు, పేరులేని సీసా కాకుండా, బావ చేతికిందున్న ఓవెనునే ఎందుకు ఎంచుకున్నాడో కొంచెం అర్థమైంది. నిజం ఇదేనని చెప్పలేను, చిన్నాన్న పోయాడు. ఆ సంతకం నేను పెట్టలేదు, కానీ ఎందుకు పెట్టనో ఆయన ముఖం మీద చెప్పలేదు కూడా. తలనొప్పని ఇంటికి పోయాను. నన్ను నమ్మిన బావను నేను ముంచితే, నేను నమ్మిన చిన్నాన్న నన్ను ముంచాడని ఆ దోవలో ఏడ్చినట్టు గుర్తు. ఏడుపంతా నా కోసమే, అప్పుడు కూడా బావ కోసం కాదు.

కడప శిక్షణ అయిన సాయంత్రం కర్నూలు బస్సెక్కకుండా వేంపల్లె పోయాను. అంగడి చిన్నదే, శుభ్రంగా ఉంది. బావ జుట్టు పూర్తిగా నెరిసింది. హాల్లో విన్న కథ చెప్పాను. ఆయన విని, నవ్వనీలేప్పా, నా పేరన్నా చెప్పలేదు గదా అన్నాడు. తర్వాత, నువ్వేమన్నావు అని అడిగాడు. లోపలినుంచి టీ తెచ్చిన అక్క గ్లాసు నా ముందు పెడుతూ, "అప్పుడేమన్నాడు, ఇప్పుడనేదానికి," అని లోపలికి పోయింది.

ఇప్పుడు మా జిల్లాల్లో ల్యాబులకు కొదవ లేదు. ఏసీ గదులు, మెరిసే యంత్రాలు, గోడకు అద్దాల చట్రంలో గుర్తింపు పత్రాలు. మంచిదే, ఆ పత్రం విలువ నాకు తెలుసు, ముప్పాతిక జీవితం దానికిందే గడిపాను. కానీ రిపోర్టు తీసుకునేవాడు ఇప్పుడు గుర్తు ఉందా లేదా అని చూస్తాడు, కింద గీత ఎవరిదని చూడడు. రాయనిది జరగనట్టే అని నేనే ఊరూరా ల్యాబుల్లో చేరే పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాను. కాబట్టి రాస్తున్నాను. కర్నూలు ల్యాబులో ఆ పెద్దమనిషి థర్మామీటరును సకాలంలో పంపాడు, సకాలంలో తెప్పించాడు, ఆయన సంతకం పెట్టిన రిపోర్టులన్నీ సరైనవే. చిన్నాన్న చెప్పగా పాతదాన్ని అక్కడ పెట్టింది నేను, తెలీదన్నది నేను. ఈ కాయితం మొదటి ప్రతి పాఠం చెప్పిన ఆ కుర్రాయనకు, రెండోది తనిఖీలకు వచ్చేవాళ్ళకు పంపుతున్నాను. సంతకం కుర్చీలోంచి నన్ను దిగమంటే దిగుతాను.

మూడో ప్రతి వేంపల్లెకు. బావ చదువుతాడు. అక్క చదువుతుందో లేదో నాకు తెలీదు, ఈసారి నిజంగానే తెలీదు.