గంప మీద చెయ్యి

2014లో పెళ్లయి, శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఊరికి కాపురానికి వచ్చాను. సముద్రానికి దూరంగా రాజాంలో పెరిగిన నాకు చేపల సంగతి తెలీదు, పైగా నలుగురిలో నిలబడాలంటేనే వణుకు. ఓ ఉదయం అత్త నన్ను చేపల వేలంపాటకి తీసుకెళ్లింది. ఆమె వెనకాలే నక్కి నిలబడ్డాను. ఇంతలో ఒక గంపలో ఒళ్లంతా చుక్కలున్న చేప కనిపించింది. భయం సంగతే మర్చిపోయి, గంప మీద చెయ్యేసి వంగి, "ఇదేటి సేప అత్తా?" అని గట్టిగా అడిగేశాను.

పాట ఆగిపోయింది. అక్కడ గంప మీద చెయ్యేస్తే కొన్నట్టేనట!

"కొత్త కోడలు కొనీసింది!" అని ఒడ్డంతా నవ్వులు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అత్త డబ్బు కట్టి, ఆ గంపని నా నెత్తికెత్తి, "ఏడుస్తావేటే? ఇన్నాళ్లకి నీ గొంతు ఇన్నాను. పద, అమ్మీసొద్దాం" అంది.

ఇప్పటికీ నలుగురిలో మాట్లాడాలంటే నా నోరు ఎండిపోతుంది. కొత్త చేప కనబడితే మాత్రం అందరికంటే ముందు నేనే అడుగుతాను, చేతులు వెనక్కి కట్టుకుని.