పసుపు జీర

మా ఫ్యాక్టరీ ఓనరు పలాసలో ఇల్లు కట్టుకుని, గోడల రంగు తేల్చుకోలేక మా వదినకు కబురు పెట్టాడు. వదినంటే మా ఆయన అక్క. ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్యాక్టరీలోనే జీడిపప్పు గ్రేడింగు చేస్తోంది. తెల్ల పప్పులోంచి రవ్వంత పసుపెక్కిన గింజను ఏరి పక్కన పెట్టడంలో ఆవిడకు సాటి ఎవరూ లేరని ఓనరు అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. తోడుగా నన్నూ రమ్మంది వదిన.

హాలు గోడ మీద పెయింటరు రెండు పట్టీలు వేసి ఉంచాడు. రెండూ తెలుపే. ఒకదాన్లో కనీకనబడని పసుపు జీర, ఒకదాన్లో నీలం జీర. ఓనరు భార్యకు నీలం కలిసిన చల్లటి తెలుపే కావాలి, పసుపు ససేమిరా వద్దు. పాత కొంపలా ఉంటుందట. ఏది ఏదో మాత్రం ఆవిడకు తెలియడం లేదు.

"దీనికింత ఆలోసనేటమ్మా? మీరు సెప్పిన సల్లటి తెలుపు ఇదే," అని వదిన చెయ్యి పెట్టింది. పెట్టింది పసుపు దాని మీద.

నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఆరు నెలలుగా ఆవిడ తెల్ల కుప్పలోంచి పసుపు గింజలు ఎవరూ చూడకుండా తీస్తున్నది నేనే. కంట్లో పొర వచ్చిందని, ఆపరేషనంటే భయమని నాకొక్కదానికే చెప్పింది. అక్కడ కూడా నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ వెళ్ళిన దగ్గర్నుంచి ఓనరు "కళ్ళంటే మీ వదినవే" అని ఒకటే పాట. పదేళ్ళుగా పక్కనే కూర్చునే నాకు కళ్ళు లేనట్టే. ఒళ్ళు మండింది.

"అది కాదొదినా. పసుపు దాన్లోనే ఉంది," అన్నాను.

ఓనరు నవ్వు ఆపేశాడు. "మళ్ళీ సూడు," అన్నాడు. వదిన గోడకు ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి, చాలాసేపు చూసి, మళ్ళీ దాని మీదే చెయ్యి వేసింది.

సోమవారం ఆవిణ్ణి జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే షెడ్డుకు మార్చారు. కిటికీ దగ్గర ఆవిడ సీటు నాకిచ్చారు. వద్దనలేదు, సిగ్గులేనిదాన్ని. పెంకుల్లోంచి కారే జీడి రసం అంటి ఇప్పుడు వదిన వేళ్ళు పొక్కిపోయాయి. మా ఆయన అడిగితే, కళ్ళు కనబడక తనే తప్పుకున్నానని చెప్పిందట. నన్ను కాపాడింది, ఈ ముదనష్టపుదాన్ని.

నిన్న ఫ్యాక్టరీ కుళాయి దగ్గర ఇద్దరమే ఉన్నాం. చేతులకు రాసుకోమని కొబ్బరినూనె సీసా ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఆళ్ళ గోడ పసుపుగుంటే నీకేటి పోయిందే?" అంది.