బైబిల్ కవర్లో లారీ

మహోన్నతుడైన దేవునికి స్తోత్రం. సముద్రపు ఇసుకను లెక్కపెట్టగల ఆయనకు, మా లారీ ఎక్కడుందో నాకు తెలియని రోజున కూడా తెలుసు. ఆ ధైర్యంతోనే, విషపు బురద లారీని ప్రార్థన హాల్లోకి నేనెలా తీసుకెళ్లానో చెబుతున్నాను. ఎవరూ చావలేదు. నేను మాత్రం సిగ్గుతో కొంచెం చచ్చాను.

బెంగళూరు పక్కన జిగణిలో ఇనుప సామాన్లకు పూత పూసే ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. అక్కడ మిగిలిన విషపు బురదను డ్రమ్ముల్లో నింపి, శుద్ధి చేసే యార్డుకు పంపాలి. ఇదివరకు లారీతో రంగురంగుల కాగితాలు వెళ్లేవి. తప్పు రాస్తే కొట్టేసి, పక్కన సంతకం గీకితే చాలు. తర్వాత కాగితాలు పోయి ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ ఎక్కడుంటే మ్యాపులో లారీ అక్కడున్నట్టు. యార్డు గేటు దగ్గర అందులో ఆకుపచ్చ బొత్తాం నొక్కితే సరుకు అప్పగించినట్టు.

ఫోన్‌తో మొదటి లారీ ఒక శుక్రవారం బయలుదేరింది. మా ఓనర్ నారాయణప్ప గారు పాత బెంగళూరు మనిషి.

"ఇది తప్పితే లైసెన్సు పోతాది. జాగ్రత్తప్పా."

"ప్రార్థన చేసి పంపుతాను సార్."

"ప్రార్థన చెయ్యప్పా. ఫోన్ కూడా ఇయ్యి."

నేను ప్రార్థన చెయ్యకుండా ఏ లారీనీ గేటు దాటనివ్వను. బానెట్ మీద ఫోన్ పెట్టాను, పక్కన బైబిల్ పెట్టాను, డ్రైవర్ మునిరాజు తల మీద చెయ్యి పెట్టాను. సృష్టి మొదలు ఎత్తుకుని జిగణి సర్కిల్ దాకా వచ్చేసరికి వేడెక్కిన ఇంజిన్ చల్లారిపోయింది. ఆమెన్ అంటూనే, కళ్లింకా సగమే తెరిచి, బానెట్ మీదున్నవన్నీ బైబిల్ కవర్లోకి తోసి జిప్పు లాగేశాను. దొరికిందే సందని మునిరాజు లారీ ఎక్కి పారిపోయాడు.

నేను నా సొంత ఫోన్ ఆపేసి ఉపవాస ప్రార్థనకు వెళ్లాను. మా హాలు మేడ మీద ఉంటుంది. నా వంతు వచ్చి ప్రార్థిస్తుంటే పాస్టరమ్మ గారు నా చెవిలో అన్నారు, "బ్రదర్, మీ బైబిల్ వణుకుతోంది."

"అభిషేకమమ్మా," అన్నాను.

అది వణికినప్పుడల్లా నేను గొంతు పెంచాను. వెనక వరుసలో చప్పట్లు మొదలయ్యాయి. ఇంతలో తలుపు తెరుచుకుంది. నారాయణప్ప గారు, ఆయన వెనక మాస్కులు తొడుక్కుని ఇసుక బకెట్లు పట్టుకున్న ఇద్దరు పనివాళ్లు.

"డ్రమ్ములు యాడ పెట్టినావప్పా?"

"ఏ డ్రమ్ములు సార్?"

"మ్యాపులో లారీ ఈడనే నిలబడుండాది."

"మేడ మెట్లెక్కి లారీ ఎలా వస్తుంది సార్?"

"అదే నేనూ అడుగుతుండేది. మునిరాజు యార్డు గేటు ముందర ఉండాడు. ఫోన్ లేకుంటే లోపలికి వదలరంట. గేటు మూసే టైము అయితా ఉండాది."

అభిషేకం మళ్లీ వణికింది. పాస్టరమ్మ గారే జిప్పు తీశారు. లోపల ఫ్యాక్టరీ ఫోన్, సరుకు ఇంకా చేరలేదని గుర్తుచేస్తోంది. హాలంతా నన్నే చూస్తుంటే, ముందు దాని వణుకు ఆపాలన్న ఆత్రంలో కనబడిన బొత్తాం నొక్కేశాను. ఆకుపచ్చది. తెర మీద వచ్చింది: సరుకు అప్పగించబడింది. కింద మా హాలు అడ్రసు.

"కొట్టేసి సంతకం పెడతాను సార్."

"దేని మీద పెడతావప్పా, అద్దం మీదనా?"

కాలుష్య నియంత్రణ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి మేడం తేల్చి చెప్పింది, "సరుకు తీసుకున్న చోటి పెద్ద మాకు వద్దని రాసిస్తేనే రద్దు చేస్తాం."

పాస్టర్ గారు హాలు ముద్ర ఉన్న కాగితం తీసి, విషపు బురద మాకు అక్కర్లేదని రాసి సంతకం పెట్టారు. దాన్ని ఫొటో తీసి పంపాం. మాస్కు మనుషులు ఫోన్ పట్టుకుని బైకు మీద యార్డుకు ఎగిరారు. సగం మూసిన గేటు మునిరాజు కోసం మళ్లీ తెరుచుకుంది. లైసెన్సు బతికింది.

పాస్టర్ గారు పెన్ను మూత పెట్టి నా భుజం తట్టారు. "బ్రదర్, ఎంత మురికితో వచ్చినా ఎవరినీ వద్దనని హాలిది. మొదటిసారి వద్దని సంతకం పెట్టించావు."

ఒట్టు పెట్టుకోకూడదని మాకు బోధ, కాబట్టి దీన్ని తీర్మానం అంటాను. ఇకమీదట లారీల కోసం కళ్లు తెరిచే ప్రార్థిస్తాను, ఫోన్ డ్రైవర్ జేబులో పడ్డాకే ఆమెన్ అంటాను. మునిరాజు కూడా తీర్మానించుకున్నాడు. ఇంజిన్ ఆపడు.

మీరూ నాతో తల వంచండి. ప్రభువా, మా బురదను యార్డుకు, మమ్మల్ని నీ దగ్గరకు చేర్చు, దారిలో రెంటినీ కలపకు. ఆమెన్ అనే ముందు ఒకసారి మీ బైబిల్ కవర్ జిప్పు తీసి చూసుకోండి.