మళ్లీ చెప్పే మామయ్య

ఎవరైనా ఒక మాట అంటే దాన్ని మరోసారి పైకి చెప్పకుండా ఉండలేకపోవడం మామయ్య జబ్బు. ఇంట్లో కాదు, బజారులో కాదు, రేడియో ముందు కూర్చున్నప్పుడు మాత్రమే. మైకు చేతికొచ్చిందంటే, అవతలి వాళ్లు తుమ్మినా సరే, "తుమ్మారట" అని లోకానికి చాటితే గాని ముందుకు కదిలేవాడు కాదు.

ఆయనది హ్యామ్ రేడియో సరదా. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో కబుర్లు చెప్పుకునే జాతి. ఆ జాతి వాళ్లు కొందరు రోజూ పొద్దున్నే ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునేవారు. దాన్ని నెట్ అంటారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ అందదు కాబట్టి, ఒకరు కంట్రోల్‌గా కూర్చుని అందరినీ వరసగా పిలవాలి. పిలుపు అందుకున్నవాళ్లు తమ ఊరి వాతావరణం, ఒంటి బాగోగులు, సెట్టు బాగోగులు చెప్పుకుని "ఓవర్" అనాలి. వెంటనే కంట్రోల్ తర్వాతి వాళ్లను పిలవాలి. ఎక్కడైనా జరిగేది ఇంతే. మామయ్య కంట్రోల్‌గా ఉన్న నెట్‌లో మాత్రం మధ్యలో ఇంకో తతంగం ఉండేది.

"ఇక్కడ పొగమంచు. మా ఆవిడ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. ఓవర్" అనేవాడు లైట్‌హౌస్ ఆయన.

"లైట్‌హౌస్ ఆయన ఏమంటున్నారంటే, అక్కడ పొగమంచట. వాళ్లావిడ మోకాలి నొప్పి కాస్త తగ్గిందట" అనేవాడు మామయ్య, కోర్టులో వాంగ్మూలం చదివినట్టు. ఆ తర్వాత కాసేపు ఊరుకునేవాడు. ఊపిరి పీల్చుకుంటున్నాడు కాబోలు అనుకునేవారు అందరూ.

"అంటే, నా మాట మీకు అందినట్టేనా? ఓవర్."

"తన మాట అందిందా అని అడుగుతున్నారు. అందింది."

అందరికంటే ఎక్కువ నష్టపోయింది బేకరీ ఆయన. పాపం, రొట్టెలు పొయ్యిలో పెట్టి, అవి కాలేలోపు నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోదామని నెట్‌లోకి వచ్చేవాడు.

"నా రొట్టెలు మాడిపోయేలా ఉన్నాయండీ. నన్ను ముందు వదిలేయండి. ఓవర్."

"బేకరీ ఆయన రొట్టెలు మాడిపోయేలా ఉన్నాయట. ఆయన్ని ముందు వదిలేయాలట." మళ్లీ కాసేపు ఊరుకోవడం.

"మాడిపోయాయి. ఓవర్."

"మాడిపోయాయట."

ఇలాంటి ఘనకార్యాల వల్ల మామయ్యకు ప్రతిధ్వనిగారు అని పేరు స్థిరపడింది. ఆయన చెవులు పోయాయని కూడా అందరూ తేల్చేశారు. వినపడిందో లేదోనన్న అనుమానంతోనే పాపం అన్నీ తిరగ చెప్పుకుంటున్నాడని జాలిపడి, తలా కాస్త వేసుకుని చెవి మిషన్ కొనిచ్చారు. మామయ్య దాన్ని రెండు చేతులా అందుకుని, "ఇంత ఖరీదైనది ఎందుకండీ" అని మొహమాటపడి, ఆ రోజు నుంచీ చెవికి తగిలించుకునే నెట్‌లో కూర్చునేవాడు. మాటలు తిరగ చెప్పడం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

అత్తయ్య ఈ చెవుడు సంగతి అస్సలు ఒప్పుకునేది కాదు. "ఈయనకు చెవుడేమిటే? నేను వంటింట్లో బిస్కట్ల డబ్బా మూత తీస్తే, పెరట్లోంచి 'నాకూ రెండు' అంటారు" అనేది మేనకోడలితో. మొగుణ్ణి వెనకేసుకొస్తోందనుకుని మేనకోడలు నవ్వి ఊరుకునేది.

ఈ మేనకోడలు పళ్ల డాక్టరు. నెట్‌లో ఆమె కూడా ఉంది. మామయ్య అన్నీ రెండేసిసార్లు చెప్పి ముగించేసరికి, ఆమె క్లినిక్ ముందు జనం దవడలు పట్టుకుని బారులు తీరేవారు. ఇద్దరు ముగ్గురు విసిగిపోయి నెట్‌కి రావడమే మానేశారు. ఇలాగైతే రేపో మాపో నెట్ మూతపడుతుందని మిగిలినవాళ్లు భయపడి, ఒకరోజు లైట్‌హౌస్ ఆయనతో ఆమెకు ఫోన్ చేయించారు.

"మీరు కంట్రోల్ తీసుకోండి డాక్టరమ్మా. ఆయనకు నొప్పి తెలియకుండా మీరే చెప్పాలి. మీ వృత్తే అది కదా."

నొప్పి తెలియకుండా పన్ను పీకడం వేరు, మామయ్య కింద నుంచి కుర్చీ లాగడం వేరు. ఆమెకు మామయ్యంటే ప్రాణం. మామయ్యకు ఆ కుర్చీ అంటే ప్రాణం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని ఆమె నానుస్తూ ఉండగా, అదృష్టవశాత్తూ మామయ్యకు దవడ పన్ను పుచ్చింది.

పన్ను తీసేసి, నోట్లో దూది కుక్కి, "వారం దాకా నోరు మెదపకూడదు మామయ్యా" అందామె. ఆ పన్నుకి ఒక్కరోజు మౌనం చాలు. అబద్ధం ఆడినందుకు చెవులు వేడెక్కాయి, కానీ ఇంతకంటే మంచి సందు దొరకదు. వారం రోజులు తను చకచకా నడిపి చూపిస్తే, ఆ తర్వాత మాట మెల్లగా కదపవచ్చని ఆమె ఎత్తు.

"ఆ వారాన్ని రెండు వారాలు చేయడం కుదరదా?" అని అడిగింది అత్తయ్య ఆశగా.

"పొద్దున్నే మా ఇంటి నుంచే నెట్ నడిపేస్తాను మామయ్యా, నువ్వు విశ్రాంతి తీసుకో" అంది మేనకోడలు.

మామయ్య కంగారుగా తల అడ్డంగా ఊపాడు. వేలితో తన ఇంటిని చూపించాడు, కుర్చీ చూపించాడు, సెట్టు చూపించాడు. నోటి దగ్గర చెయ్యి పెట్టి రెండుసార్లు ముందుకు ఆడించాడు. కుర్చీ మీద మమకారం కాబోలని ఆమె సరేనంది. చెయ్యి ఎందుకు ఆడించాడో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున మామయ్య గదిలో, అణిగిపోయిన ఆయన మెత్త మీద కూర్చుని ఆమె నెట్ మొదలుపెట్టింది. పిలవడం, వినడం, "సరే, మంచిది" అనడం, తర్వాతి వాళ్లను పిలవడం. నెట్ పరుగులు తీసింది. మధ్యమధ్య సెట్టులోంచి టక్ టక్ మని చప్పుడు రాసాగింది. "మామయ్యా, దీని లోపల ఏదో వదులైనట్టుంది" అందామె. మామయ్య పక్కన నిలబడి చేతులు ఊపేస్తున్నాడు. టక్ టక్ కాస్తా టకటకటక అయింది. ఆమె ఆయన్నీ పట్టించుకోలేదు, సెట్టునీ పట్టించుకోలేదు.

"రొట్టెలు బంగారంలా కాలాయి డాక్టరమ్మా. మీ కడుపు చల్లగా. ఓవర్" అన్నాడు బేకరీ ఆయన.

అందరికీ వీడ్కోలు చెప్పి ఆమె స్విచ్చు మీద చెయ్యి వేసింది. మామయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు తగిలించాడు. హోరు మధ్య సన్నగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఒక ముసలి గొంతు.

"అబ్బాయి ఏడీ? ఎవరమ్మా నువ్వు? అందరితోనూ సరే, మంచిది అంటూనే ఉన్నావు. ఏది సరే? ఏది మంచిది? లైట్‌హౌస్ వాళ్లావిడ మోకాలు ఎలా ఉంది? రొట్టెలు మాడాయా లేదా? నాకు ఒక్క ముక్క అందలేదు. ఓవర్."

మేనకోడలు కుర్చీలో నిటారుగా అయిపోయింది. ఆ గొంతు టీచరమ్మది. ఈ నెట్ మొదలుపెట్టింది ఆవిడే. మామయ్య చేత, మేనకోడలి చేత, ఇంకా సగం మంది చేత రేడియో పరీక్ష రాయించిందీ ఆవిడే. కొన్నేళ్ల కిందట ఇల్లు ఖాళీ చేసి, సెట్టు కట్టిపెట్టేశానని చెప్పి అందరి దగ్గరా సెలవు తీసుకుంది. ఏ దూరపు బంధువుల దగ్గరికో వెళ్లిపోయిందనుకున్నారంతా.

"టీచరమ్మా, నేనే, ఆయన మేనకోడల్ని. మామయ్యకు పన్ను తీశాను. మీరెక్కడున్నారు? ఓవర్."

"మీ మామయ్య వాళ్ల వీధి చివర వృద్ధాశ్రమంలో. ఇక్కడ బయట ఏరియల్ తీగలు కట్టనివ్వరు. కర్టెన్ కడ్డీకి చుట్టుకున్నాను. దానికి మీ మామయ్య సెట్టు తప్ప ఇంకేదీ అందదు. ఆయన చెప్పిందే నాకు నెట్. ఆయన ఒక్కొక్కరి మాటా చెప్పి ఆగుతాడు, నేను విన్నానని మైకు మీట రెండుసార్లు నొక్కుతాను. ఓవర్."

సెట్టులో ఏదో వదులైందనుకున్నది ఈ మీట చప్పుడేనని ఆమెకు అప్పుడు తెలిసింది. "మాకెవరికీ చెప్పలేదేం టీచరమ్మా? ఓవర్."

"నేనే వద్దన్నాను. చెబితే ఏం చేస్తారు? మోకాళ్లూ రొట్టెలూ మానేసి, 'మందులు వేసుకున్నారా టీచరమ్మా' అని మొదలుపెడతారు. నాకు రోగి పలకరింపులు వద్దు. మీ కబుర్లు మీరు చెప్పుకుంటుంటే వినాలి. నువ్వూ చెప్పకూడదు. ఓవర్."

"చెప్పను. కానీ అందరూ మామయ్యకు చెవుడు అనుకుంటున్నారు. ఓవర్."

"తెలుసు. మిషన్ కొనిచ్చారట కదా. అది కూడా చెప్పాడు. ఓవర్."

మేనకోడలు వెనక్కి తిరిగి చూసింది. తప్పు చేసి దొరికిపోయిన బడిపిల్లాడిలా మామయ్య పైకప్పు వంక చూస్తున్నాడు. ఇన్నేళ్లు అందరూ ఎగతాళి చేస్తుంటే ఈయన ఒక్కసారి కూడా నోరు జారలేదు. తను ఈయన నోరు కట్టేసి కుర్చీ లాగేయాలనుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది, కానీ ఆ దూది నోటితో మామయ్య మొహం చూస్తే నవ్వే ముందొచ్చింది. మైకు దగ్గరికి తీసుకుంది.

"లైట్‌హౌస్ ఆయన ఏమన్నారంటే టీచరమ్మా, వాళ్లావిడ మోకాలు బాగుందట. మెట్లెక్కుతోందట."

టక్ టక్.

మర్నాడు నెట్‌లో లైట్‌హౌస్ ఆయన గాలి ఎక్కువగా ఉందన్నాడు. "గాలి ఎక్కువగా ఉందట" అందామె, అని ఆగింది.

లైట్‌హౌస్ ఆయన వెంటనే అందుకున్నాడు.

"డాక్టరమ్మా, మీరు కూడానా? ఓవర్."

"నేను కూడానా అని అడుగుతున్నారు."

"మేనమామ పోలికండీ. మనం చేయగలిగింది లేదు" అన్నాడు బేకరీ ఆయన దిగాలుగా. "రేపటి నుంచి రొట్టెలు నెట్ అయ్యాకే పెడతాను. ఓవర్."

ఆమె అది కూడా చెప్పింది. పనిలో పనిగా, వారం కాగానే కుర్చీ మామయ్యదేననీ ప్రకటించింది. ఎవరూ కాదనలేదు. ఆమెకూ ఆయనకూ తేడా ఏముంది గనక. చివరికి లైట్‌హౌస్ ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి డాక్టరమ్మా. చిన్న వయసులోనే వచ్చిందని సిగ్గుపడాల్సిన పని లేదు. మేమంతా తలా కాస్త వేసుకుంటాం. మీకూ ఒక మిషన్ కొనిస్తాం. ఓవర్."

"నాకు కూడా చెవి మిషన్ కొనిస్తారట" అని చెప్పి ఆమె ఆగింది.

సెట్టులోంచి టక్ టక్ రాలేదు. టకటకమంటూ చప్పుడు వచ్చింది, ఎంతసేపటికీ ఆగకుండా. వీధి చివర గదిలో టీచరమ్మ మీట పట్టుకుని నవ్వుతోంది.

మామయ్య నోట్లో దూది తీశాడు. చెవి మిషన్ తీసి మేనకోడలి చేతిలో పెట్టాడు.

"వాళ్ల చేత డబ్బు దండగ పెట్టించకు. ఇది తీసుకో, కొత్తదే. ఇంతవరకూ బ్యాటరీ కూడా వేయలేదు."