నీటి ఆవిరి వాటా

మా టీచరమ్మ పోయారన్న కబురు నాకు చెన్నై మీదుగా వచ్చింది. ఆవిడ ఇల్లు నటేశన్ నగర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల. అయినా ఆ ఇంటివాళ్లు ముందు ఫోన్ చేసింది చెన్నైలో ఉన్న మా చెల్లికి. పొద్దున దీపం వెలిగించి కళ్లు మూసుకున్నానో లేదో ఫోన్ మోగింది.

"అక్కా, టీచరమ్మ పోయిందక్కా," అని చెల్లి ఏడ్చింది.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. నాకెందుకు చెప్పలేదన్న అసూయ. దేవుడి ముందు కూర్చునే అలా అనుకున్నాను కాబట్టి మీ ముందు దాచను.

టీచరమ్మది యానాం. ఉద్యోగం మీద ఈ తమిళ ఊరొచ్చి బడిలో కెమిస్ట్రీ చెప్పేవారు. అప్పట్లో ఒర్లియంపేటలో మా పక్కిల్లే ఆవిడది. నేను ఇంటికి పెద్దదాన్ని. అమ్మకు ఉబ్బసం, వంట నా చేతికొచ్చింది, పదితో నా చదువు ఆగింది. చెల్లి ప్లస్ టూకి వచ్చాక సాయంత్రాలు ఆవిడ దగ్గరికి ట్యూషన్‌కు తీసుకెళ్లేదాన్ని. చెల్లి లోపల బల్ల దగ్గర, నేను గుమ్మంలో చిక్కుళ్లు ఒలుచుకుంటూ.

ఆవిడ ఒక గాజు సీసాను నీళ్ల బేసిన్‌లో బోర్లించి, రబ్బరు గొట్టంతో గాలి ఊదేవారు. బుడగలు పైకెక్కేవి.

"సీసాలో ఎందరున్నా ఎవరి పీడనం వాళ్లదే," అనేవారు. "ఒక్కో వాయువూ సీసా అంతా తనదే అన్నట్టు గోడల్ని నెడుతుంది. మొత్తం అయిదు పాళ్లలో దీనివి రెండైతే, పీడనంలోనూ అయిదింట రెండు దీనిది. అంతే లెక్క."

నేనూ లెక్క కట్టేదాన్ని. గంటలో యాభై తొమ్మిది నిమిషాలు చెల్లివి. ఒక్క నిమిషం నాది. వెళ్లేముందు ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి, గడప మీద సుద్దతో ఒక తెలుగు అక్షరం రాసి దిద్దమనేవారు. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, చదవడం రాదు. "మీ మాటలో తెలుగెంతో తమిళమెంతో పాళ్లు కట్టాలమ్మాయ్," అని నవ్వేవారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ నిమిషాల వల్లే. తెలిసినా, నా కళ్లు మాత్రం ఆ యాభై తొమ్మిది మీదే ఉండేవి.

ఒకరోజు నీళ్ల మీద పట్టిన ఆక్సిజన్ లెక్క ఇచ్చారు. వేడి ముప్పై డిగ్రీలు, సీసాలో మొత్తం పీడనం ఏడువందల యాభై మిల్లీమీటర్లు. ఆక్సిజన్‌ది ఎంత? చెల్లి ఏడువందల యాభై అనే రాసింది. టీచరమ్మ పొయ్యి మీద పాలు చూడటానికి లోపలికెళ్లారు.

నేను గుసగుసగా అన్నాను. "ఏందే, సీసాలో నీళ్ల ఆవిరి వాటా తీసెయ్యలా? ముప్పై డిగ్రీలకి ముప్పై రెండు."

చెల్లి గబగబా కొట్టేసి ఏడువందల పద్దెనిమిది వేసింది. ఆవిడ వచ్చి చూశారు.

"భలే! ఎవరైనా ఇక్కడే పడతారు. నీకెలా తట్టిందే?"

"శుమ్మా, అట్నే తట్టింది టీచరమ్మా," అంది చెల్లి.

ఆవిడ దాని వీపు తట్టారు. నేను చిక్కుడు గింజలతో పాటు తొక్కలు కూడా గిన్నెలో వేశాను. ఆ రాత్రి కూరలో పీచు తగిలి నాన్న తిట్టారు.

చెల్లి ఇప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. దాని ఎదుగుదల కోసం నేను మొక్కని దేవుడు లేడు. ఆ వీపు తట్టడం మాత్రం మరిచిపోలేదు.

ఈ ఏడాది టీచరమ్మ మంచాన పడ్డారు. రోజూ చారు తీసుకెళ్లేదాన్ని. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. దానికో నీళ్ల సీసా. ఆక్సిజన్ ఆ నీళ్లలోంచి బుడబుడమంటూ వచ్చేది.

"గాలిలో నా వాటా పెంచారే పెద్దమ్మాయ్," అన్నారొకరోజు, ఆయాసంలోనే నవ్వుతూ.

ఎందుకో ఆ రోజు నోరు ఆగలేదు. "టీచరమ్మా, ఆ ముప్పై రెండు చెప్పింది నేను."

"తెలుసు. వంటింట్లోకి వినబడింది."

"మరి దాన్నెందుకు మెచ్చుకుంటిరి?"

ఆవిడ ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నారు.

"'నేనే చెప్పా'నని నువ్వు లోపలికొస్తావని చూశాను. రాలేదు. నేనైనా పిలవాల్సింది. పిలవలేదు. తప్పు నాదేనమ్మా."

చారు చల్లారిపోతోందన్నాను. చెంచాతో తాగించాను.

కబురు విన్న రోజు చెల్లి కారులో వచ్చేదాకా ఆగి, ఇద్దరం కలిసి వెళ్లాం. "టీచరమ్మ శిష్యురాలు వచ్చింది, దారివ్వండి," అన్నారెవరో. జనం జరిగారు. చెల్లి లోపలికెళ్లింది. దాని చేతిసంచి పట్టుకుని నేను గుమ్మంలో నిలబడ్డాను. అసూయ అప్పుడూ ఉంది. ఆవిడ లేని ఇంట్లో కూడా ఉంది.

తర్వాత ఎవరూ పిలవకుండానే గడప దాటి లోపలికెళ్లాను. ఆవిడ పాదాలు తాకాను. చల్లగా ఉన్నాయి. పక్కన మిషను ఆపేశారు. నీళ్ల సీసా మాత్రం తీయలేదు.

"ఏంది చూస్తుండావక్కా?" అంది చెల్లి ముక్కు తుడుచుకుంటూ.

"ఏం లేదులే."

సీసాలో నీళ్లు కదలడం లేదు. నీళ్లకు పైన, ఖాళీగా కనిపించేచోట, గాజు లోపలి గోడంతా సన్నటి ఆవిరి చుక్కలు పట్టి ఉన్నాయి.