రాములవ్వకు చెప్పే పాఠం

అరుంధతిది బాపట్ల. భర్త యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా. తార్నాకలో రెండు గదులు అద్దెకు తీసుకుని కాపురం పెట్టాక, 1966లో క్యాంపస్ క్వార్టర్ల మధ్య ఉన్న చిన్న బడిలో మూడో తరగతి టీచరుగా చేరింది.

చేరిన మూడో ఏడు ఆమె తరగతిలో అందరికన్నా బాగా చదివేది బాలలక్ష్మి, హాస్టల్లో వంట చేసే బిక్షం కూతురు. ఎక్కడా తడుముకోదు. ప్రశ్న అడిగితే పాఠంలో ఆ వాక్యం వెతికి పట్టుకుని అప్పజెప్పేస్తుంది. మొదటి మార్కు ఎప్పుడూ ఆ పిల్లదే.

ఒక సోమవారం గోడకు నోటీసు అంటించారు. బడి ఆయా రాములవ్వకు చదువు రాదు. బాలలక్ష్మిని పిలిచి చదివించుకుంది. 'నీటి సరఫరా నిలిపివేయబడును' అని ఆ పిల్ల గడగడా చదివి వెళ్ళిపోయింది. మర్నాడు నల్లా రాలేదు. కుండల్లో చుక్క లేదు.

ముందే నీళ్ళెందుకు పట్టిపెట్టలేదని అరుంధతి అడిగితే రాములవ్వ ఉన్నమాటే చెప్పింది. "పిల్ల మంచిగనే సదివింది టీచరమ్మా. గని అండ్ల ఏమున్నదో దానికే సమజ్ గాలే. ఇగ నాకేం జెప్తది?"

ఆ మాట అరుంధతికి గుచ్చుకుంది. రెండేళ్ళుగా తాను మార్కులు వేసింది గొంతుకేనని తోచింది. మరుసటి వారం నుంచి ఆఖరి అరగంట రాములవ్వను గడప దగ్గర కూర్చోబెట్టింది. పిల్లలు పాఠం చదివి, పుస్తకం మూసి, ఆమెకు చెప్పాలి.

మొదట్లో అందరూ పుస్తకం ముక్కలే వల్లించారు. రాములవ్వ ఊరుకునేది కాదు. రాజుగారికి ఆనపకాయ కానుకిచ్చిన రైతు పాఠం వచ్చినప్పుడు, ఆనపకాయంటే ఏందని అడిగింది. ఎవరికీ తెలియదు. సోరకాయేనని అరుంధతి చెబితే తరగతంతా నవ్వింది.

రాములవ్వ మళ్ళీ అడిగింది. "మరి గాయన పెండ్లాం ఏమన్నది?"

బాలలక్ష్మి కాసేపు ఆలోచించింది. "గది రాయలే అవ్వా. గని చెట్టుకు ఒక్కటే కాయ కాసిందంట. గది రాజుకిచ్చిండు. ఇంట్ల కూరకేమున్నది? ఆమెకు కోపమొచ్చే ఉంటది."

అరుంధతి పుస్తకం తెరిచి చూసింది. నిజమే, మూడో వాక్యంలో ఉంది, ఒక్క కాయేనని. ఆ పాఠం చెప్పడం ఆమెకిది మూడోసారి.

హెడ్మాస్టరు సోమయాజులు గారికి ఇది నచ్చలేదు. ఆయా పాఠం అడగడమేమిటి, ఈ భాషలో రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయా అన్నారు. అరుంధతి ముందు రాములవ్వకు చెప్పించి, తర్వాత అదే జవాబు పుస్తక భాషలో రాయించింది. ఏడాది చివర తరగతిలో తప్పినవాళ్ళు ఇద్దరే. అంతకు ముందేడు తొమ్మిది మంది.

సోమయాజులు గారు జూన్‌లో బళ్ళు తెరిచాక నాలుగో తరగతిని కూడా గడప దగ్గరికి పంపారు. రెండు తరగతులూ వింటూ కూర్చుంటే ఊడ్చేదెప్పుడని రాములవ్వ ఆయన్నే నిలదీసింది. ఆయన ఆలోచించి, ఊడ్చే పని పొద్దుటికి మార్చారు.